ఆరడుగుల కాన్వాసు మీద ఆడవాళ్ల, పిల్లల ముఖాలు గీస్తూ బతకొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా. మీది పలాస దగ్గర ఊరు, బీఎఫ్‌ఏ (చిత్రకళలో డిగ్రీ) అయింది. జీడిపప్పు బట్టీల్లో పనిచేసే ఆడవాళ్లను, వాళ్ల పిల్లలను ఐదారడుగుల కాన్వాసుల మీద గీయాలని ఉంది. ఇంట్లో వాళ్లు "అంత బొమ్మ ఎవరు కొంటారు, కొన్నా ఎక్కడ పెడతారు" అంటున్నారు. ఈ పనితో బతకొచ్చా, హైదరాబాద్ వెళ్లిపోవాలా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

బతకొచ్చు. అయితే మొదటి కొన్నేళ్లు పెద్ద కాన్వాసు అమ్మిన డబ్బుతో మాత్రం కాదు. పెద్ద బొమ్మలతో పేరు వస్తుంది, చిన్న బొమ్మలతో ఇల్లు గడుస్తుంది. రెండూ ఒకే మనుషుల నుంచి, ఒకే పనిలోంచి రావాలి. మకాం మార్చాల్సిన అవసరం లేదు. ఎందుకో వివరంగా చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

నేను విజయనగరంలో ఉంటాను. ఇరవై ఏళ్లు దాటింది ఈ పని పట్టుకుని. ఒక పాత గోడౌను అద్దెకు తీసుకుని అందులో వేస్తాను. ఎక్కువగా మత్స్యకార ఊళ్లలోని ఆడవాళ్లు, జూట్ మిల్లు కుటుంబాలు, వాళ్ల పిల్లలు. కాబట్టి మీరు అడిగినదానికి దగ్గరి పనే.

ముందు సైజు సంగతి. "పెద్దగా ఎందుకు?" అన్నదానికి మీ దగ్గర జవాబు ఉండాలి, ఎందుకంటే ప్రతి గ్యాలరీవాళ్లూ ఇదే అడుగుతారు. మనిషి తల నిజంగా తొమ్మిది అంగుళాలు ఉంటుంది, కాస్త అటూ ఇటూ. దాన్ని ఐదడుగులు చేస్తే దాదాపు ఏడు రెట్లు. అప్పుడు చూసేవాళ్లు ఆ మనిషిని కిందికి చూడలేరు, తలెత్తి చూడాలి. రోజూ కూలికి వెళ్లే మనిషిని, ఎవరూ రెండోసారి చూడని మనిషిని అలా తలెత్తి చూడాల్సి రావడమే ఈ సైజుకు ఉన్న అర్థం. మన దగ్గర ఇంత పెద్ద ముఖాలు సినిమా కటౌట్లకూ, రాజకీయ ఫ్లెక్సీలకూ మాత్రమే దక్కాయి. జీడిపిక్కలు కొట్టే మనిషికి ఆ స్థలం ఇవ్వడం చిన్న విషయమేమీ కాదు. కానీ ఆ ముఖంలో అంత స్థలాన్ని నిలబెట్టే సంగతి లేకపోతే అది ఫ్లెక్సీ అయిపోతుంది. రెండడుగుల్లో చెప్పగలిగింది ఆరడుగుల్లో గీస్తే రంగు దండగ.

బయటి దేశాల ఉదాహరణ కావాలంటే బ్రిటన్‌కు చెందిన జెన్నీ సావిల్‌ను చూడండి. 1970లో పుట్టారు. 1992లో గ్లాస్గో ఆర్ట్ స్కూల్ డిగ్రీ ప్రదర్శనలో పెట్టిన 'ప్రాప్డ్' అనే బొమ్మ దాదాపు ఏడడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు. స్టూలు మీద కూర్చున్న భారీ స్త్రీ శరీరం, అది ఆమె తన శరీరమే. అదే బొమ్మ 2018లో లండన్ వేలంలో 95 లక్షల పౌండ్లకు అమ్ముడై, బతికున్న మహిళా చిత్రకారుల్లో అప్పటికి రికార్డు అయింది. తర్వాత ఆమె తల్లులను, పిల్లలను కూడా అంతే పెద్దగా గీశారు. ఇది చదివి ఉత్సాహపడే ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. చదువు అయిన వెంటనే బొమ్మలు సేకరించే చార్లెస్ సాచీ అనే ధనికుడు ఆమె బొమ్మలు కొని, ఇంకా గీయమని డబ్బిచ్చాడు. మనకు అలాంటివాడు పలాస రైల్వే స్టేషన్‌లో దిగడు. ఆమె నుంచి తీసుకోవాల్సింది ఆ ధర కాదు. మొదటి నుంచి ఇప్పటిదాకా ఆమె మనిషి చర్మాన్నే పట్టుకుని ఉన్నారు, ఆ పట్టు.

నాకు ఇంకా దగ్గరగా అనిపించేది అమెరికన్ చిత్రకారిణి అలిస్ నీల్. 1900లో పుట్టారు. న్యూయార్క్‌లో తన ఫ్లాట్‌కు వచ్చే ఇరుగుపొరుగు ఆడవాళ్లను, బాలింతలను, పిల్లలను దశాబ్దాలపాటు గీశారు. పెద్ద మ్యూజియం ఆమె మొత్తం పనిని ప్రదర్శించేసరికి 1974 వచ్చింది, ఆమెకు 74 ఏళ్లు. మీ ఇంట్లోవాళ్లకు ఈ రెండో కథ చెప్పకండి, టెన్షన్ పడతారు. మీరు మాత్రం తెలుసుకుని ఉండండి.

ఒక్కో బొమ్మగా ఆలోచించకండి, వరుసగా ఆలోచించండి. కెరీర్ అనేది ఇక్కడే నిలబడుతుంది లేదా పడిపోతుంది. ఒక అందమైన ముసలమ్మ, తర్వాత ఒక కోయ పిల్ల, తర్వాత ఎక్కడో రాజస్థాన్ తలపాగా, ఇలా గీసేవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్ల చెయ్యి మంచిదే, కానీ ఎవరి బొమ్మ ఏదో చెప్పలేం. తోట వైకుంఠం గారి బొమ్మను ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాం. పెద్ద బొట్టు, గాఢమైన రంగుల చీర, చామనఛాయ ముఖం, అంతా ఆయన పుట్టిన తెలంగాణ పల్లె నుంచే వచ్చింది. మీకు పలాస ఉంది. అక్కడి బట్టీల ఆడవాళ్లను దగ్గరి నుంచి చూసినవారు మీరు. గింజ పైపెంకులో ఉండే నూనె చేతులను కాల్చి, వేళ్లను నల్లగా చేస్తుంది. అది కడిగితే పోయే నలుపు కాదు. అందుకే మీకు నా మొదటి సలహా, ముఖం ఒక్కటే గీయకండి, చేతులను కూడా ఫ్రేములోకి తెండి. ముఖం మీద అలసట చూపిస్తే అందరూ గీసినట్టే ఉంటుంది. ఆ వేళ్లు మాత్రం పలాస మనిషివే.

అలాగే అదే మనుషులను మళ్లీ మళ్లీ గీయండి. నేను భోగాపురం వైపు ఒక కుటుంబాన్ని చాలా ఏళ్లుగా వేస్తున్నాను. మొదట గీసినప్పుడు ఒళ్లో ఉన్న గుంట ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఇంట్లో మగవాళ్లు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లో వెరావల్ రేవులో పడవల మీద ఉంటారు. మన తీరం నుంచి అలా వెళ్లిన ఇరవై మంది 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో గానీ తిరిగి రాలేదు, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వెనకాల ఊళ్లో మిగిలేది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. నా బొమ్మల్లో మగవాళ్లు ఎందుకు లేరని ఎవరైనా అడిగితే, వాళ్లు ఊళ్లో లేరు అని చెబుతాను. ఇలాంటి కారణం మీ వరుసకూ ఉండాలి. కళాసిద్ధాంతం అక్కర్లేదు, నిజమైన కారణం చాలు.

ఇక మనుషుల దగ్గరికి వెళ్లడం. నేను ఆడదాన్ని కాబట్టి వంటింటి గుమ్మం దాకా సులువుగా పిలుస్తారు. మీరు కుర్రాడు, చేతిలో ఫోను, ఆడవాళ్ల ఫోటోలు తీస్తానంటే ఊళ్లో మొదట అనుమానమే వస్తుంది, రావాలి కూడా. మీ అమ్మగారినో అక్కనో వెంట తీసుకెళ్లండి. మొదటి రోజుల్లో ఫోను బయటికి తీయకండి, స్కెచ్ పుస్తకం తీయండి. స్కెచ్ చూసి నవ్వుతారు, పక్కింటివాళ్లను పిలుస్తారు, "ఏటి బాబూ, నా ముక్కు అంత నేదు" అని దెబ్బలాడతారు. ఆ తర్వాతే ఫోటో. కూర్చున్న మనిషికి ఆ రోజు కూలి ఇవ్వండి. బట్టీలో పూట పోతే వాళ్లకు డబ్బు పోతుంది. మీ కళ కోసం వాళ్లు నష్టపోవడం న్యాయం కాదు. కూలి తీసుకున్నాక వాళ్లు కూడా "ఇలా కూర్చోనా, చీర మార్చుకోనా" అని పనిలోకి వస్తారు.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. తల్లిదండ్రులను అడగండి, ఆ బొమ్మ ఎక్కడ పెడతారో, ఆన్‌లైన్‌లో పెడతారో లేదో ముందే చెప్పండి. వీలైతే నాలుగు వాక్యాలు తెలుగులో రాసి సంతకమో వేలిముద్రో తీసుకోండి. బాలల సదనాల్లో, కేసుల్లో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం నేరం. కాబట్టి "అనాథ పిల్లల పోర్ట్రెయిట్లు" లాంటి ఆలోచనలు ఉంటే వదిలేయండి. ఉద్దానం కిడ్నీ రోగుల కుటుంబాల్లోకి కూడా కెమెరాతో దూరకండి. అక్కడికి ఇప్పటికే చాలామంది వెళ్లి, ఫోటోలు తీసుకుని వచ్చేశారు.

గీయడంలో మీకు పనికొచ్చే కొన్ని విషయాలు చెబుతాను, కాలేజీలో ఇవి పైపైనే చెబుతారు.

ఫోన్‌ను ముఖానికి రెండడుగుల దూరంలో పెట్టి తీస్తే ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. చిన్న బొమ్మలో అది కనబడదు. ఏడు రెట్లు పెంచాక ఆ మనిషి ఇంకెవరో అయిపోతుంది. ఆరేడు అడుగులు వెనక్కి జరిగి జూమ్ చేసి తీయండి. వెలుతురు ఒక్క వైపు నుంచే, గుమ్మం దగ్గర కూర్చోబెడితే చాలు. ట్యూబ్‌లైటు ఆపేయండి.

పెద్దదిగా మార్చడానికి గళ్ల పద్ధతి వాడండి, అంటే ఫోటో మీదా కాన్వాసు మీదా గళ్లు గీసి, ఒక్కో గడి చూసి వేయడం. ప్రొజెక్టర్ తప్పేమీ కాదు గానీ, దాని మీదే ఆధారపడితే అంచులు అన్నీ ఒకే గట్టిదనంతో వస్తాయి. చక్ క్లోజ్ అనే అమెరికన్ చిత్రకారుడు జీవితమంతా గళ్లతోనే తొమ్మిదడుగుల ముఖాలు వేశాడు. గీసిన గంటకొకసారి గది చివరికి వెళ్లి చూడండి, గోడకు ఒక పెద్ద అద్దం పెట్టి అందులోనూ చూడండి. పని చేసే గది చిన్నదైతే పెద్ద కాన్వాసు జోలికి వెళ్లొద్దు, వెనక్కి జరిగే చోటు లేకుండా నిష్పత్తి నిలవదు.

ఫోటోలో లేని వివరం పెద్ద బొమ్మలో కావాలి. కంటి రెప్పకు మందం ఉంటుంది, కింది రెప్ప మీద సన్నటి తడి గీత ఉంటుంది. పెదవికి అన్నిచోట్లా అంచు ఉండదు, మూలల్లో చర్మంలో కలిసిపోతుంది. ఇవి తెలియకపోతే కన్ను ప్లాస్టిక్ బొమ్మ కన్నులా వస్తుంది. ఇందుకు దారి ఒక్కటే, ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని ఒక్క కన్నునే, ఒక్క నోటినే పెన్సిల్‌తో గీయడం.

మన రంగు చర్మానికి నలుపు వాడకండి. బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగులో అల్ట్రామెరైన్ నీలం కలిపితే వచ్చే ముదురు చాలు, అది వెచ్చగానూ చల్లగానూ తిప్పుకోవచ్చు. ఎండలో ఉన్న చామనఛాయ నుదుటి మీద ఆకాశం నీలంగా మెరుస్తుంది, గడ్డం కింద చీర రంగు తిరిగి పడుతుంది. పసుపు రాసుకున్న ముఖం పసుపుగా ఉండదు. వెలుగులో ఓకర్ (మట్టి పసుపు), నీడలో ఆకుపచ్చకు దగ్గరగా మారుతుంది. ముసలమ్మల నత్తు, అడ్డబాస గీసేటప్పుడు బంగారం మెరుపు కన్నా ముందు ఆ బరువుకు ముక్కు చర్మం ఎలా సాగిందో చూడండి. మన తీరంలో అడ్డపొగ తాగే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు, చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని. ఆ అలవాటు అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని డాక్టర్లు మీ శ్రీకాకుళం జిల్లాలోనే ఎప్పుడో పరిశోధించి చెప్పారు. బుగ్గలు లోపలికి పోయి, పెదవులు బిగిసిన ఆ నోరు ఇంకెక్కడా దొరకదు. గీయండి గానీ వింతలా గీయకండి.

పిల్లల ముఖాలు అన్నిటికన్నా కష్టం. కంటి గీత తలకు సగం కన్నా కిందికి ఉంటుంది, నుదురు పెద్దది, దవడ ఎముక ఇంకా రాలేదు. పెద్దవాళ్ల ముఖంలో గీతలు మనకు పట్టు ఇస్తాయి. పిల్లల ముఖంలో గీతలు లేవు, అన్నీ మెత్తటి మలుపులే. నీడ కాస్త ముదిరినా ఐదేళ్ల గుంటడు ముప్పై ఏళ్లవాడు అయిపోతాడు. వెలుగు నీడల తేడా తగ్గించి, రంగు తేడాతో మలుపు తిప్పండి. చెవి, ముక్కు కొన, వేళ్ల చివర్లలో ఎరుపు వేయడం మరవకండి. వాళ్లు ఎలాగూ కదలకుండా కూర్చోరు. ఫోన్‌లో కార్టూన్ పెట్టి కూర్చోబెడితే కదలరు గానీ, కళ్లు చచ్చిపోయినట్టు వస్తాయి. నానమ్మ చేత కబుర్లు చెప్పించండి.

సామాను గురించి క్లుప్తంగా. నాలుగడుగులు దాటిన ఫ్రేముకు లోపల అడ్డకర్రలు తప్పనిసరి, లేకపోతే మొదటి వానాకాలానికే మెలి తిరుగుతుంది. మన తేమకు ఆయిల్ రంగు ఆరడం ఆలస్యం, కింద పలుచగా మొదలుపెట్టి పైకి వెళ్లేకొద్దీ నూనె పెంచండి. వార్నిష్ కనీసం ఆరు నెలల తర్వాతే. కాన్వాసును గోడకు ఆనించి ఉంచకండి, వెనక బూజు పడుతుంది, ప్లాస్టిక్‌లో చుట్టినా అంతే. మన జిల్లాలకు అక్టోబరు నెల ప్రమాదం, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి, రెండోది మీ పలాస పక్కనే తీరం దాటింది. సెప్టెంబరులోనే బొమ్మలను నేల నుంచి పైకి ఎత్తి, కిటికీలకు దూరంగా పెట్టండి. పంపేటప్పుడు ఫ్రేము విప్పి, లావుపాటి పీవీసీ గొట్టానికి చుట్టండి. రంగు వైపు బయటికి ఉండాలి, లోపలికి చుడితే నలిగి పగుళ్లు వస్తాయి. ఫ్రేము అక్కడే చేయించుకోవచ్చు.

డబ్బు. మన ఊళ్లలో పోర్ట్రెయిట్‌కు ఉన్న అసలు గిరాకీ ఏమిటంటే పోయిన తల్లిదండ్రుల బొమ్మలు. చిన్న పాత ఫోటో ఇచ్చి, గోడ మీదికి పెద్దది చేయమంటారు. చిన్నచూపు చూడకండి. పాడైపోయిన ఫోటో నుంచి ముఖం నిలబెట్టడం మంచి సాధన, పైగా డబ్బు చేతిలో పడుతుంది. దాంతోపాటు బీఎఫ్‌ఏ ఎంట్రన్స్‌కు పిల్లలకు నేర్పడం, స్కూలు గోడల బొమ్మలు. నా ఇంటి అద్దె చాలా ఏళ్లు ఇలాగే కట్టాను, ఇప్పటికీ కొంత ఇలాగే.

ధర కట్టడంలో ఒక చిక్కు ఉంది. చాలామంది చదరపు అంగుళానికి ఇంత అని కడతారు. ఉదాహరణకు 50 రూపాయలు అనుకోండి. 12 బై 16 అంగుళాల బొమ్మ 9,600 అవుతుంది, అమ్ముడుపోతుంది. అదే లెక్కన 60 బై 72 అంగుళాలది 2,16,000. కొత్తవాడి దగ్గర ఎవరూ కొనరు. ఎత్తు, వెడల్పు కలిపి అంగుళానికి 350 అని కట్టి చూడండి. చిన్నది 9,800, పెద్దది 46,200. ఇది అడగగలిగిన ధర. గ్యాలరీ అందులో మూడో వంతు నుంచి సగం దాకా తీసుకుంటుంది, అది ముందే కలుపుకోండి. గ్యాలరీలో ఒక ధర, ఇంటి దగ్గర ఒక ధర పెట్టకండి, ఆ సంగతి తెలియకుండా ఉండదు.

ప్రతి పెద్ద కాన్వాసుకూ ముందు ఆ మనిషివి ఐదారు చిన్న స్టడీలు ఆయిల్‌లో చేయండి. అవి సాధనకూ పనికొస్తాయి, అమ్మకానికీ పనికొస్తాయి. పెద్దది చూసి ఆగినవాళ్లు చిన్నది కొంటారు. నేను అమ్మిన వాటిలో ఎక్కువ ఇవే.

ఇంకొకటి చాలామందికి తెలియదు. డబ్బు తీసుకుని ఎవరో అడిగిన పోర్ట్రెయిట్ గీస్తే, వేరే ఒప్పందం లేకపోతే, దాని కాపీరైట్ గీయించుకున్నవాళ్లదే. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ఇలా చెబుతోంది. ఆ బొమ్మను మీ పుస్తకంలో వేసుకోవాలన్నా, ప్రింట్లు తీయాలన్నా కష్టమవుతుంది. నాకు తెలిసిన ఒక సంస్థ ఒక చిత్రకారుడితో గీయించుకున్న బొమ్మను క్యాలెండర్లన్నిటి మీదా వేసింది, అతనికి పైసా రాలేదు. కాపీరైట్ నాదే అని ఒక్క వాక్యం బిల్లు మీద రాసి సంతకం పెట్టించుకోండి. మీరంతట మీరు గీసి తర్వాత అమ్మినవాటికి ఈ బాధ లేదు, బొమ్మ వెళ్లిపోయినా హక్కు మీదే.

చివరిగా హైదరాబాద్. అక్కడ గ్యాలరీలు, బొమ్మలు సేకరించేవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ అద్దె కట్టడానికి ఏ యాడ్ ఏజెన్సీలోనో చేరితే బొమ్మ వేసే టైమే మిగలదు. పలాస ఆడవాళ్లు అక్కడ దొరకరు. రవీందర్ రెడ్డి గారు సూర్యాపేటలో పుట్టి, బరోడాలో చదివి, ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ విశాఖలోనే ఉండి ఆ బంగారు రంగు స్త్రీ శిరస్సులను చేశారు. ఫైబర్‌గ్లాస్‌తో మనిషి కన్నా ఎత్తైన తలలు, కొప్పులో పూలతో. ప్రపంచం వాటిని చూసింది. వెనక్కి వెళ్తే, 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారు పత్రిక ముఖచిత్రమంత కాగితం మీదే ఆడవాళ్లను గీసి తెలుగు ఇళ్లన్నిటిలోకీ వెళ్లారు. నేను పెద్ద కాన్వాసు పక్షమే, అయినా వ.పా. ఒక చిన్న బొమ్మలో చీర మడత చూసినప్పుడల్లా సైజు గురించి నా గొప్పలు తగ్గుతాయి.

కాబట్టి ఇంటి దగ్గరే ఉండి, ఏడాదికి రెండు మూడు సార్లు బయట చూపించుకోండి. లలిత కళా అకాడమీ జాతీయ ప్రదర్శనకు ఎంట్రీలు పిలిచినప్పుడల్లా పంపండి, ఫోటో మంచి కెమెరాతో తీయించండి, మొదటి వడపోత దాన్ని చూసే జరుగుతుంది. హైదరాబాద్ మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ, విశాఖలో హాళ్లు అద్దెకు దొరుకుతాయి. ఇద్దరు ముగ్గురు కలిసి తీసుకుంటే భారం తగ్గుతుంది. ముంబై జహంగీర్ గ్యాలరీకి వరుస ఏళ్ల తరబడి ఉంటుంది, అందుకే ఇప్పుడే దరఖాస్తు పెట్టి మరచిపోండి. డబ్బు కడితే విదేశాల్లో ప్రదర్శిస్తాం, అవార్డు ఇస్తాం అని మెయిల్స్ వస్తాయి, ఒక్క రూపాయి కూడా పంపకండి.

మొదటి ప్రదర్శన మాత్రం మీ ఊళ్లోనే, స్కూలు వరండాలోనో కమ్యూనిటీ హాల్లోనో పెట్టండి. కూర్చున్నవాళ్లు ముందు చూడాలి. "ఇది నాను కాదు" అని ఎవరైనా అంటే గొడవపడకుండా ఎక్కడ తేడా ఉందో అడగండి. వాళ్లు చూపించిన చోట చాలాసార్లు నిజంగానే తేడా ఉంటుంది.

ప్రస్తుతానికి ఒక్క మనిషిని ఎంచుకుని, రెండడుగుల కాన్వాసు మీద ముఖం, చేతులు కలిపి వేయండి. అది నిలిస్తే నాలుగడుగులకు, తర్వాత ఆరడుగులకు. మొదటిది అయ్యాక ఫోటో ఇక్కడ పెట్టండి, పగటి వెలుతురులో తీసినది. చూసి చెబుతాను.